క్లస్టర్ బాగుంది, ఫోల్డర్ ఒక్కటే మర్చిపోయారు

మాది గుంటూరు మిర్చి యార్డు దగ్గర కోల్డ్ స్టోరేజీ. టిక్కీల (మిర్చి బస్తాల) లెక్కంతా ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లోనే. పోయిన సీజన్‌లో సర్వర్ ఆగిపోయి రైతులు గేటు దగ్గర రెండు గంటలు నిలబడ్డారు. అందుకే ఈసారి విజయవాడ నుంచి ఒక సంస్థను పిలిపించి రెండు సర్వర్లతో ఫెయిలోవర్ క్లస్టర్ పెట్టించాం, అంటే ఒకటి ఆగితే రెండోది పని అందుకునే ఏర్పాటు.

వచ్చిన కుర్రాడు పనిమంతుడే. విండోస్ క్లస్టర్ వాలిడేషన్ అనే ముందస్తు పరీక్షలో ఎర్ర గుర్తులన్నీ పోయాకే ఇన్‌స్టాల్ మొదలుపెట్టాడు. మొదటి నోడ్‌లో (క్లస్టర్‌లోని ఒక్కో సర్వర్‌ని నోడ్ అంటారు) కొత్త క్లస్టర్‌గా, రెండో దాంట్లో యాడ్ నోడ్ అనే ఆప్షన్‌తో. రెండు నోడ్లకి ఎస్‌క్యూఎల్ సర్వర్ స్టాండర్డ్ ఎడిషన్ చాలని చెప్పి ఖర్చు తగ్గించాడు, అది నాకు నచ్చింది.

తీరా ఫెయిలోవర్ చేసి చూపించమంటే రెండో నోడ్‌లో సర్వీసు లేవనే లేదు! టెంప్‌డీబీని, అంటే ఎస్‌క్యూఎల్ సర్వర్ తాత్కాలిక డేటాబేస్‌ని, ఆ సర్వర్‌లోనే ఉండే లోకల్ ఎస్‌ఎస్‌డీ డిస్కులో పెట్టాడు, అదే ఫోల్డర్ రెండో సర్వర్‌లో పెట్టడం మర్చిపోయాడు. అది దొరికేసరికి మధ్యాహ్నం మూడు. మా ఓనరు గారి మొహం అప్పటికే గుంటూరు కారం. ఫోల్డర్ పెట్టి, సర్వీసు అకౌంట్‌కి అనుమతి ఇచ్చాక నిమిషంలోపే మారింది.

డేటా ఉండే స్టోరేజీ బాక్సు మాత్రం రెండు సర్వర్లకీ కలిపి ఒక్కటే. అది పోతే రెండు సర్వర్లూ ఉత్తవేనని నేను అడిగాకే చెప్పారు. ఈ పనికి నా మార్కులు ఐదుకి మూడున్నర.