విజయవాడ గన్ షాపు: నంబరు తప్పు రాశారు, సరిచేసిన పద్ధతికి మాత్రం 4 స్టార్లు

మా నాన్న ఆర్మీలో హవల్దార్‌గా చేసి రిటైర్ అయ్యారు. మాది గుంటూరు. బ్యాంకులో గన్‌మ్యాన్ ఉద్యోగం కోసం ఆయనకి సొంత తుపాకీ కావాల్సొచ్చింది. ఎక్స్‌సర్వీస్‌మెన్ ఇళ్ళల్లో అందరికీ తెలిసిందే, సెక్యూరిటీ ఏజెన్సీ వాళ్ళు ముందడిగేది లైసెన్సుందా, డబుల్ బ్యారెల్ ఉందా అనే. లైసెన్స్ రావడానికి ఎన్నాళ్ళు పట్టిందో ఇక్కడ రాయను, అదొక పెద్ద కథ. అది చేతికొచ్చాక సంక్రాంతి వెళ్ళిన వారంలో విజయవాడలో ఒక పాత ఆర్మరీ షాపులో 12 బోర్ డీబీబీఎల్ (రెండు గొట్టాల తుపాకీ) కొన్నాం. షాపు పేరు పెట్టట్లేదు, వాళ్ళు చేసిన తప్పు కూడా రాస్తున్నా కాబట్టి.

షాపు చిన్నదే. ముందు ఇనప గ్రిల్లు, లోపల గొలుసు వేసిన ర్యాకు, ఒక ఓనర్ గారు, ఒక గుమస్తా. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి ముందు పేపర్లే అడిగారు, తుపాకీ చూపించడం తర్వాత. అది నాకు బాగా నచ్చింది. మన పేర్లతో ఉన్న తంటా తెలిసిందే కదా, ఆధార్‌లో ఇంటిపేరు ముందు పొడి అక్షరం, డిశ్చార్జ్ బుక్కులో ఇంటిపేరు చివర పూర్తిగా, బ్యాంకు పాస్‌బుక్కులో ఇంకో రకం. ఓనర్ గారు మూడూ పక్కపక్కన పెట్టి "హవల్దార్ గారూ, బిల్లు మీద లైసెన్సులో ఉన్న పేరే ఉండాలండి, ఒక్క అక్షరం అటూ ఇటూ కాకూడదు, మిగతావి మనకి అనవసరం" అన్నారు. అడ్రసు దగ్గర కూడా ఆగారు. మా సొంతూరు రేపల్లె దగ్గర, 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టాక అది బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది, నాన్న పాత కాగితాల్లో ఇంకా గుంటూరు జిల్లా అనే ఉంది. గుమస్తా అలవాటుగా బాపట్ల అని టైప్ చేస్తే ఆయనే ఆపి, లైసెన్సులో ఉన్న ప్రస్తుత అడ్రసే వేయించి, యూఐఎన్ (లైసెన్సుదారుకి ఇచ్చే గుర్తింపు నంబరు) ఒక్కో అంకె పైకి చదివి సరిచూశారు. ఇంత జాగ్రత్త మనిషి షాపులో అసలు నంబరే తప్పు పడుతుందని ఎవరనుకుంటారు.

ఎలా పడిందంటే, ఒకే కంపెనీవి, ఒకే లాట్‌లోవి రెండు తుపాకులు బయటికి తీశారు. నాన్న మొదటిది భుజానికి ఎత్తి చూశారు, మధ్యలో మడిచి తెరిచి ట్యూబ్‌లైట్ వైపు పెట్టి రెండు బ్యారెళ్ళలోంచీ చూశారు, స్టాక్, అంటే భుజానికి ఆనే వెనక భాగం, కొంచెం పొడుగనిపించిందన్నారు. రెండోది సరిగ్గా కుదిరింది, అదే తీసుకున్నాం. గుమస్తా అప్పటికే మొదటిదాని ట్యాగ్ తీసి ట్రేలో పెట్టుకుని దాన్ని చూసే రాసేశాడు. బిల్లులో అదే, లైసెన్సు బుక్కులో అదే, సేల్ రిజిస్టర్‌లో అదే. చివరి రెండు అంకెలు 36 ఉండాల్సిన చోట 63. మేమూ చూసుకోలేదు, సంతకాలు పెట్టి, రౌండ్లు (తూటాలు) వేరే సంచిలో పెట్టుకుని కార్లో బయల్దేరిపోయాం.

రాత్రి భోజనాలయ్యాక నాన్న పాత పంచె గుడ్డకి నూనె రాసి బ్యారెల్ తుడుస్తూ "చిన్నమ్మా, ఇటు రా, ఈ అంకెలు చదువు" అన్నారు. ఆర్మీలో కోత్‌లోంచి (ఆయుధాలు దాచే గది) రైఫిల్ తీసుకునేటప్పుడు రోజూ నంబరు చూసుకుని పైకి చెప్పే అలవాటు ఆయనది, పాతికేళ్ళ కిందటి రైఫిల్ నంబరు కూడా ఇప్పటికీ గుర్తే. నేను ఫోన్ టార్చ్ వేసి చదివాను. బ్యారెల్ మీద 36, యాక్షన్ (బ్యారెల్ వెనక ట్రిగ్గర్ ఉండే ఇనప భాగం) మీద 36. బుక్కులో 63. ఆయన మొహం చూసి నాకు కాళ్ళలో వణుకొచ్చింది. తుపాకీ మీద తయారుచేసినవాళ్ళ పేరు, నంబరు లేకపోతే డీలర్ అమ్మనే కూడదని 1959 ఆయుధ చట్టంలోనే ఉంది, అంటే కాగితాల్లో ఆ తుపాకీకి గుర్తు ఆ నంబరే. మా ఇంట్లో ఉన్న 36 ఎవరి లైసెన్సులోనూ లేదు, మా లైసెన్సులో ఉన్న 63 మా ఇంట్లో లేదు. వచ్చేటప్పుడు వారధి దగ్గర ఎవరైనా ఆపి సరిచూసుంటే ఏం చెప్పేవాళ్ళం? ఇన్నేళ్ళు యూనిఫాం వేసుకున్న మనిషి లైసెన్సు లేని ఆయుధం పట్టుకున్నట్టు నిలబడాల్సొచ్చేది.

రాత్రి తొమ్మిదికి ఓనర్ గారికి ఫోన్ చేశాం. షాపు కట్టేశాం, రేపు చూద్దాం అంటారనుకున్నా. ఆయన రెండు ప్రశ్నలే అడిగారు, నంబరు ఎక్కడెక్కడ చూశారు, ఫొటో పంపగలరా అని. ఫొటో చూసి "తప్పు మాదేనండి" అన్నారు. ఆ మాట వెంటనే అన్నందుకే సగం భయం పోయింది. తర్వాత చెప్పింది ఇంకా ముఖ్యం, పొద్దున్నే తుపాకీ పట్టుకుని నేరుగా షాపుకి రావద్దు, ముందు మీ స్టేషన్‌లో కాగితం ఇచ్చి దాని మీద అందినట్టు సంతకం తీసుకుని అప్పుడు రండి అన్నారు. అరగంటలో లెటర్‌హెడ్ మీద, ఫలానా తేదీన ఫలానా బిల్లులో మా గుమస్తా పొరపాటున నంబరు తప్పు రాశాడు, వాస్తవంగా ఇచ్చిన ఆయుధం నంబరు ఇది అని రాసి, సంతకం సీలు వేసి వాట్సాప్‌లో పంపారు, ఒరిజినల్ పొద్దున ఇస్తానన్నారు.

మర్నాడు స్టేషన్‌లో రైటర్ గారు ఆ లెటరు చదివి పెద్దగా ప్రశ్నలేమీ వేయలేదు, మా కాగితం తీసుకుని స్టాంపు వేసిచ్చారు. షాపుకి వెళ్ళేసరికి 63 నంబరు తుపాకీ ర్యాకులోనే ఉంది. గుమస్తా కుర్రాడు పాపం భయపడిపోయి ఉన్నాడు, "అమ్మా, ఈ 63 తీసుకెళ్ళిపోండి, కాగితాలన్నీ సరిపోతాయి, ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు" అన్నాడు. నిజం చెప్తున్నా, ఒక్క నిమిషం నాకూ అదే సుఖం అనిపించింది. ఓనర్ గారు ఒప్పుకోలేదు, "రాత్రంతా వాళ్ళింట్లో ఉన్నది 36, స్టేషన్‌లో చెప్పింది 36, రికార్డులో కూడా అదే ఉండాలి" అన్నారు. నాన్న కూడా అదే మాట. పోనీ బుక్కులో కింద ఇంకో లైనులో 36 చేరిస్తే అని గుమస్తా అడిగితే, లైసెన్సు ఒక్క ఆయుధానికే ఇచ్చారు, రెండు చూపిస్తే ఇంకో కొత్త తప్పు, పైగా 2019 సవరణ తర్వాత మనిషికి రెండే ఆయుధాలు, ఇదివరకు మూడుండేవి, లేని తుపాకీతో ఒక చోటు నిండిపోతుంది అని ఓనర్ గారే ఓపిగ్గా వివరించారు.

సరిచేసిన తీరు మాత్రం దగ్గరుండి చూశాను. వైట్‌నర్ ముట్టుకోలేదు, అంకె మీద అంకె దిద్దలేదు. సేల్ రిజిస్టర్‌లో తప్పు నంబరు మీద ఒక్క గీత, కింద 63 ఇంకా కనపడేట్టు, పైన సరైన నంబరు, పక్కన తేదీ, ఆయన సంతకం, నాన్న సంతకం. స్టాక్ రిజిస్టర్‌లో రెండు చోట్ల దిద్దారు, ఎందుకంటే అమ్మకుండానే 63 అమ్మినట్టు ఉంది, అమ్మిన 36 ఇంకా షాపులో ఉన్నట్టు ఉంది. ఇది మాకు తట్టనేలేదు. అలాగే వదిలేస్తే రేపు ఆ 63 ఇంకొకరికి అమ్మితే ఒకే నంబరు ఇద్దరి లైసెన్సుల్లో పడేది. పాత బిల్లు చింపలేదు, క్యాన్సిల్ అని రాసి ఉంచి, దాని నంబరు ప్రస్తావిస్తూ కొత్తది ఇచ్చారు. అదే ఊపులో రౌండ్లు కూడా లెక్కపెడితే, మేం కొన్నవి 10, బిల్లులో 10, బుక్కులో 20. అది కూడా బయటపడింది.

లైసెన్సు బుక్కు మీద మాత్రం ఆయన పెన్ను పెట్టలేదు. అది గవర్నమెంటు కాగితం, దాంట్లో దిద్దాలన్నా, ఎన్‌డీఏఎల్‌లో (దేశవ్యాప్త ఆయుధ లైసెన్సుల రికార్డు) ఆన్‌లైన్ ఎంట్రీ మార్చాలన్నా లైసెన్సు ఇచ్చిన ఆఫీసే చేయాలన్నారు. రెండు బిల్లుల కాపీలు, రిజిస్టర్ పేజీల కాపీలు, నంబరు ఫొటో, స్టేషన్ స్టాంపు కాగితం అన్నీ జతచేసి తనే లెటరు రాసి, మాతోపాటు ఆఫీసుకి వచ్చారు. మొదటిరోజు సెక్షన్‌లో సార్ లేరు. రెండోసారి ఇంకో కాపీ కావాలన్నారు. మూడోసారికి అయింది. మొత్తం 11 రోజులు. అన్ని రోజులూ తుపాకీ, రౌండ్లు షాపులోనే డిపాజిట్, రసీదు ఇచ్చారు, ఒక్క రూపాయి తీసుకోలేదు. డిపాజిట్ విషయంలో వీళ్ళకి పేరుంది, 2024 ఎలక్షన్ కోడ్ టైమ్‌లో నాన్న స్నేహితుడు కూడా తన తుపాకీ ఇక్కడే పెట్టి జూన్‌లో తీసుకెళ్ళారు.

ఇక ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, ఆ 11 రోజులు నాన్న డ్యూటీలో చేరలేకపోయారు, ఏజెన్సీ వాళ్ళు ఇంకొకరిని పెట్టేస్తామని రెండుసార్లు ఫోన్ చేశారు, ఆ మాటలు విన్నాక ఆయన రెండు పూటలు సరిగ్గా అన్నం తినలేదు. ఓనర్ గారు ఏజెన్సీకి కూడా లెటరు ఇచ్చారు కాబట్టి పోస్టు నిలిచింది, పోయిన జీతం పోయింది. ట్యాగ్ చూసి నంబరు రాసే అలవాటు ఉన్నన్నాళ్ళూ ఇది ఎవరికైనా జరగొచ్చు, బిల్లు కొట్టేముందు కొనేవాళ్ళ చేత ఇనుము మీద నంబరు చదివించే పద్ధతి మొదట్నుంచీ ఉండాల్సింది. ఆ మాట ఓనర్ గారికి మొహం మీదే చెప్పాను, ఆయన తప్పు పట్టలేదు.

మీరు కొనేటప్పుడు బ్యారెల్ మీద ఒకసారి, యాక్షన్ మీద ఒకసారి నంబరు మీరే చదివి, బిల్లు, బుక్కు, రిజిస్టర్ మూడింట్లో చూసుకోండి. ఎస్‌బీబీఎల్‌కి (ఒకే గొట్టం తుపాకీ) డీబీబీఎల్‌కి ఒక్క అక్షరమే తేడా, అదీ చూడండి. రౌండ్లు కౌంటర్ మీదే లెక్కపెట్టించండి. ఇంటికొచ్చాక తప్పు కనపడితే మీ చేత్తో ఏదీ దిద్దొద్దు, ఆ రాత్రే ఫోన్ చేయండి.

తుపాకీ తెచ్చుకోవడానికి వెళ్ళినరోజు గుమస్తా దాన్ని కౌంటర్ మీద పెట్టి, ట్యాగ్ పక్కకి తీసేసి, "సార్, మీరు చదవండి, నేను రాసుకుంటా" అన్నాడు. నాన్న కోత్‌లో నిలబడ్డట్టే నిలబడి ఒక్కో అంకె గట్టిగా చదివారు. సోమవారం డ్యూటీలో చేరారు. షాపు ముందు పార్కింగ్ లేదు, కారు దూరంగా పెట్టి నడవాలి, చేతిలో తుపాకీ కవరు ఉంటుంది కాబట్టి ఇద్దరు వెళ్ళడం మంచిది.