మైసూరును వదిలారు, మా సీమను పట్టుకున్నారు

కే.ఆర్. మార్కెట్ దగ్గర, పూల బుట్టల మధ్యలోంచి దారి చేసుకుని వెళ్తే బెంగళూరు కోట మిగులు కనిపిస్తుంది. 1791 మార్చి 21న ఇంగ్లీషు సేన గోడ పగలగొట్టుకుని లోపలికి వచ్చింది ఇక్కడే అని గోడలో ఒక రాతిపలక చెబుతుంది. మా అనంతపురం నుంచి వచ్చిన చుట్టాలకు ముందు అదే చూపిస్తాను.

కోట దొరికింది సరే, దాణా ఏది? రెండు నెలలకే టిప్పు సుల్తాన్ రాజధాని శ్రీరంగపట్నం ముంగిట ఎద్దులు చచ్చి, ఇంగ్లీషు సేనాని కార్న్‌వాలిస్ తన పెద్ద ఫిరంగులను తానే పాడుచేసి వెనక్కి తిరిగాడు.

1799లో టిప్పు పోయాక ఈస్టిండియా కంపెనీ తెలివి మీరింది. మైసూరు పాత రాజవంశమైన ఒడయార్ల అయిదేళ్ల పిల్లవాణ్ణి గద్దె మీద కూర్చోబెట్టి, టిప్పు కొలువులోని పూర్ణయ్యనే దివానుగా ఉంచింది. ఏటా 7 లక్షల వరహాలు రాబట్టింది. పన్ను వసూలు తిట్లు దివానుకి, డబ్బు కంపెనీకి! కానీ 1830లో శివమొగ్గ వైపున్న ‘నగర’ అనే సీమ రైతులు తిరగబడ్డారు. 1831లో పాలన కంపెనీయే తీసుకోక తప్పలేదు. తిరిగి ఒడయార్లకు బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చింది 1881లో.

మా దత్త మండలాల్లో, అంటే ఇప్పటి రాయలసీమలో, అలా కాదు. 1800లో నిజాం వదులుకోగానే మన్రో కలెక్టరుగా దిగి, పాళెగాళ్లను, అంటే ఊళ్లేలే స్థానిక దొరలను, అణచి, రైతుతో నేరుగా శిస్తు లెక్క తేల్చాడు. ఖర్చెక్కువ, పట్టూ ఎక్కువే. అయినా 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి లేచాడు.

నన్నడిగితే, కంపెనీకి చవకబేరం మైసూరే.