ఇంటి సంరక్షణపై ఫిర్యాదు: ఇంగ్లండ్ పద్ధతి మేలా, స్కాట్లండ్ పద్ధతి మేలా?

ఇంట్లోనే ఉండి సంరక్షణ పొందే వృద్ధులకూ వికలాంగులకూ ఫిర్యాదు చేయడంలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఎవరి మీద ఫిర్యాదు చేశారో, మర్నాడు పొద్దున వాళ్లే వచ్చి మంచం మీంచి లేపాలి, స్నానం చేయించాలి, మందులు చేతికివ్వాలి. అందువల్ల ఒక ఫిర్యాదు విధానం మంచిదా కాదా అని తేల్చేటప్పుడు, జవాబు ఎన్ని రోజుల్లో వస్తుందన్న లెక్క ఒక్కటే చాలదు. మొదటి మాట ఎవరికి చెప్పుకోవాలి, చివరికి బాధితుడికి ఏం దక్కుతుంది అన్న ప్రశ్నలు అంతకంటే ముఖ్యమైనవి. పక్కపక్కనే ఉన్న ఇంగ్లండ్, స్కాట్లండ్ ఈ రెండు ప్రశ్నలకూ వేర్వేరు సమాధానాలు ఇచ్చుకున్నాయి.

ఇంగ్లండ్‌లో సంరక్షణ సంస్థలను నమోదు చేసి, తనిఖీ చేసి, రేటింగ్ ఇచ్చేది కేర్ క్వాలిటీ కమిషన్. చాలా కుటుంబాలు సహజంగానే తమ గోడునంతా ఆ కమిషన్‌కే రాసి తీర్పు కోసం ఎదురుచూస్తాయి. అయితే మానసిక ఆరోగ్య చట్టం పరిధిలోకి వచ్చేవి తప్ప, విడి ఫిర్యాదులను పరిష్కరించే బాధ్యత ఆ కమిషన్‌కు లేదు. వచ్చిన సమాచారాన్ని అది తనిఖీలకు వాడుకుంటుందే గాని, మీ అమ్మగారి విషయంలో తప్పు ఎవరిదో తేల్చి చెప్పదు. ఆ తీర్పు కావాలంటే ముందుగా సంరక్షణ సంస్థకే ఫిర్యాదు చేయాలి. సంరక్షణను కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) ఏర్పాటు చేసి ఉంటే కౌన్సిల్‌కు చేయవచ్చు. 2009 నాటి నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు కౌన్సిల్ 3 పనిదినాల్లో తెలపాలి. ఫిర్యాదు మాత్రం సాధారణంగా విషయం తెలిసిన 12 నెలల లోపు చేయాలి. వచ్చిన జవాబు సంతృప్తికరంగా లేకపోతే స్థానిక ప్రభుత్వ, సామాజిక సంరక్షణ ఓంబుడ్స్‌మన్‌ను, అంటే ఇలాంటి ఫిర్యాదులను స్వతంత్రంగా విచారించే అధికారిని, ఉచితంగా ఆశ్రయించవచ్చు.

ఇంగ్లండ్ పద్ధతికి అసలు బలం ఈ ఓంబుడ్స్‌మనే. కౌన్సిల్ డబ్బుతో సంరక్షణ పొందేవారికే కాక, 2010 నుంచి సొంత డబ్బుతో ప్రైవేటు సంస్థను పెట్టుకున్నవారికీ ఈ అవకాశం ఉంది. పైగా, కౌన్సిల్ ఒక సంస్థకు పనిని కాంట్రాక్టుకు ఇచ్చినంత మాత్రాన బాధ్యతను వదిలించుకోలేదు. ఆ సంస్థ చేసిన పొరపాటును ఓంబుడ్స్‌మన్ కౌన్సిల్ పొరపాటుగానే లెక్కిస్తారు.

దీని విలువ ఏమిటో ఒక మామూలు ఫిర్యాదులో చూడవచ్చు. ఉదయం 8 గంటలకు అరగంట సందర్శన అని ఒప్పందం. లాగ్ పుస్తకంలో 8:00 నుంచి 8:30 వరకు అని రాసి, కింద సంతకం ఉంటుంది. కేరర్, అంటే ఇంటికి వచ్చి సంరక్షణ చేసే మనిషి, లోపలికి రాగానే, బయటికి వెళ్లేటప్పుడు ఫోన్‌లో నమోదు చేసే ఎలక్ట్రానిక్ రికార్డు తెప్పించి చూస్తే 8:20కి వచ్చి 8:33కి వెళ్లినట్టు తేలుతుంది. అంటే అరగంటకు బిల్లు, 13 నిమిషాల పని. ఆ 13 నిమిషాల్లో స్నానం, దుస్తులు, అల్పాహారం, మందులు అన్నీ ముగించడం అసాధ్యం కనుక, ఏదో ఒకటి వదిలేశారనే అర్థం. ఇంగ్లండ్‌లో ఆరోగ్య, సంరక్షణ సేవలకు మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా అరగంటకు తక్కువ సందర్శన ఎప్పుడు తగునో గట్టి షరతులతో చెప్పాయి: వచ్చే మనిషి పరిచితులై ఉండాలి, ఆ సందర్శన పెద్ద ప్రణాళికలో భాగమై ఉండాలి, చేయవలసిన నిర్దిష్టమైన పనికి ఆ సమయం సరిపోవాలి. ఇలాంటి కేసులో ఓంబుడ్స్‌మన్ రెండు రికార్డులనూ పక్కపక్కన పెట్టి చూసి, క్షమాపణ చెప్పమనీ, వసూలు చేసిన రుసుములో కొంత తిరిగి ఇవ్వమనీ, ఆ సంస్థ సేవలు పొందే మిగతావారి రికార్డులను కూడా సరిచూడమనీ సిఫారసు చేయగలరు. వాటిని చట్టబద్ధమైన ఆజ్ఞలుగా అమలు చేయించే అధికారం ఓంబుడ్స్‌మన్‌కు లేకపోయినా, కౌన్సిళ్లూ సంస్థలూ దాదాపు ఎప్పుడూ పాటిస్తాయి. పాటించని ప్రైవేటు సంస్థ గురించి బహిరంగ ప్రకటన వేయించే అధికారం మాత్రం ఉంది.

స్కాట్లండ్ ఈ వరుసను తిరగేసింది. అక్కడ 2011 ఏప్రిల్‌లో మొదలైన కేర్ ఇన్‌స్పెక్టరేట్ తనిఖీలూ చేస్తుంది, విడి ఫిర్యాదులనూ తీసుకుంటుంది. ముందు సంస్థతో మాట్లాడమని ప్రోత్సహిస్తుంది గాని, మాట్లాడి తీరాలని పట్టుబట్టదు. ఫిర్యాదు అందాక, చిన్న విషయమైతే సంస్థను సంప్రదించి వెంటనే సరిచేయిస్తుంది. తీవ్రమైనదైతే తానే విచారిస్తుంది. ఫిర్యాదు నిజమని తేలితే, ఏ తేదీలోగా ఏం మార్చాలో సంస్థకు నిర్దేశిస్తుంది. విచారించినవారూ, తర్వాత ఆ మార్పు జరిగిందో లేదో చూసేవారూ ఒకే సంస్థ కావడం చిన్న విషయం కాదు.

స్కాట్లండ్ లోపం మరో చోట ఉంది. సేవ ఎలా ఉందన్నది ఇన్‌స్పెక్టరేట్ చూస్తుంది, కాని రుసుము వాపసు ఇప్పించడం దాని పని కాదు. సంరక్షణ గంటలు తగ్గించడం వంటి కౌన్సిల్ నిర్ణయంపై ఫిర్యాదు వేరే దారిలో పోవాలి: మొదటి దశలో 5 పనిదినాలు, రెండో దశలో 20 పనిదినాలు, ఆ తర్వాత స్కాట్లండ్ ప్రజాసేవల ఓంబుడ్స్‌మన్. కేరర్ తొందరపడి వెళ్లిపోతున్నది అలసత్వం వల్లనా, కౌన్సిల్ అసలు గంటలే తక్కువ ఇవ్వడం వల్లనా అన్నది బయటినుంచి చూసే కుటుంబానికి తెలియదు. ఇంగ్లండ్‌లో ఆ రెండు కారణాలనూ ఒకే ఓంబుడ్స్‌మన్ కలిపి చూడగలరు. స్కాట్లండ్‌లో వాటిని విడదీసి రెండు చోట్ల చెప్పుకోవాలి. వ్యక్తిగత సంరక్షణ అవసరమని తేలిన వయోజనులందరికీ 2019 నుంచి అక్కడ దానికి రుసుము లేదు కాబట్టి, డబ్బు తగాదాలు కొంత తక్కువ ఉండాలి.

ఇక ఏది మేలు? డబ్బు నష్టపోయినవారికి, ముఖ్యంగా సొంత ఖర్చుతో సంరక్షణ తీసుకునేవారికి, ఇంగ్లండ్ పద్ధతే మేలు. సేవ నాణ్యత గురించి, అందులోనూ భయపడుతూ మాట్లాడేవారికి స్కాట్లండ్ పద్ధతి మేలు. రెండింటిలో ఒకటే ఎంచుకోవలసివస్తే నేను స్కాట్లండ్ వైపే ఉంటాను, ఎందుకంటే లేవలేని మనిషి తన కేరర్ పని చేసే సంస్థకే ముందుగా ఫిర్యాదు రాయాలన్న నియమం దగ్గరే ఎన్నో ఫిర్యాదులు ఆగిపోతాయి. ఎంత గొప్ప ఓంబుడ్స్‌మన్ అయినా తన దాకా రాని ఫిర్యాదును విచారించలేరు.

కొట్టడం, తిట్టడం, తిండి పెట్టకపోవడం, డబ్బు కాజేయడం వంటివి జరుగుతుంటే ఈ తూకమేదీ వర్తించదు. అది ఫిర్యాదుగా కాక రక్షణ విషయంగా వెంటనే కౌన్సిల్‌కూ, నేరమైతే పోలీసులకూ చెప్పాలి. ఇంగ్లండ్‌లో 2014 నాటి కేర్ చట్టం, స్కాట్లండ్‌లో 2007 నాటి వయోజనుల రక్షణ చట్టం అలాంటి సమాచారం అందినప్పుడు విచారణ జరిపే బాధ్యతను కౌన్సిళ్లపై పెట్టాయి.

రెండు పద్ధతులూ దాదాపు చేతులెత్తేసే సందర్భం ఇంకొకటి ఉంది. కౌన్సిల్ ఇచ్చే నగదుతో కుటుంబమే నేరుగా ఒక సహాయకురాలిని ఉద్యోగంలో పెట్టుకుంటే, ఆమె పనిని తనిఖీ చేసే సంస్థ ఏదీ ఉండదు. అక్కడ యజమాని కుటుంబమే కనుక, ఆమె పనితీరు గురించి ఫిర్యాదు వినవలసినదీ పరిష్కరించవలసినదీ ఆ కుటుంబమే. నగదు తీసుకోవడంలో ఉన్న స్వేచ్ఛ గురించి కౌన్సిళ్లు ఎంత వివరంగా చెబుతాయో, ఈ సంగతి కూడా అంతే వివరంగా సంతకానికి ముందే చెప్పాలి.