అరకులో తినాలంటే రోడ్డు పక్కనే

శనివారం పొద్దున్నే విశాఖలో కిరండూల్ రైలెక్కి నేనూ మా ఆయనా అరకు వెళ్ళాం. వెళ్ళింది తిండి కోసమే.

బొంగు చికెన్ మాత్రం రోడ్డు పక్క కాల్చేవాళ్ళ దగ్గరే తినండి. ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించిన ముక్కల్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి నిప్పుల మీద కాలుస్తారు. నూనె చుక్క వెయ్యరు. కోడిలోని కొవ్వు, వెదురులోని తడి, అంతే! మా కళ్ళ ముందే ఆకులో ఒంపారు. ముక్క వేలితో నొక్కితే విడిపోతోంది, మసాలా వెనకాలే పచ్చి వెదురు వాసన. అడుగున మిగిలిన రసం కోసం ఇద్దరం పోటీ పడ్డాం.

అదే రాత్రి మేం దిగిన రిసార్టులో జంటల కోసమని క్యాండిల్ లైట్ డిన్నర్ పెట్టారు. కొవ్వొత్తులు బావున్నాయి. కూర మాత్రం గిన్నెలో వండి బొంగులో పోసి తెచ్చారు, అదీ చల్లారిపోయి. డబ్బు దండగ.

ఆదివారం కాఫీ మ్యూజియం. అక్కడి కాఫీ 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) పొందిన అరకు అరబికా రకం. చక్కెర తగ్గించి తాగండి, అసలు రుచి అప్పుడే తెలుస్తుంది. కాఫీ చాక్లెట్లూ కొనుక్కోండి.

గది తీసుకునేటప్పుడు భోజనంతో కలిపి మాత్రం తీసుకోకండి.