గడ్డంలో శక్తి, గుండెలో శక్తి

జానపద చిత్రాల్లో పాత్ర బలాన్ని వేషంతోనే కొలవాలంటే, 1951లో వచ్చిన ‘పాతాళ భైరవి’లోని నేపాళ మాంత్రికుడు, తోట రాముడు చెరొక కొసన నిలుస్తారు. మాంత్రికుడు నోరు విప్పకముందే ఆ గడ్డం, ఆ గుడ్లురిమే చూపు సగం పని కానిచ్చేస్తాయి. తోటమాలి కొడుకైన రాముడికి మంత్రమూ రాదు, తంత్రమూ తెలియదు, ఉన్నదల్లా చక్కని రూపం, దానికి మించిన తెగువ.

హంగు విషయంలో మాంత్రికుడిదే పైచేయి అని ఒప్పుకోక తప్పదు. (ఆ పాత్ర ధరించిన ఎస్.వి. రంగారావు, రాముడిగా నటించిన ఎన్.టి. రామారావు కంటే అయిదేళ్లే పెద్ద కనుక, ఆ భీకరత్వంలో గడ్డం వాటా కొంతే, తక్కినదంతా ఆయన కంఠానిదని నా అభిప్రాయం.) అయితే శక్తినంతా గడ్డంలో దాచుకున్నవాడు మంగలికి దూరంగా ఉండాలన్న చిన్న జాగ్రత్తను మరచి, అది తీసేస్తే అందగాడినవుతానన్న ఆశతో రాముడి పక్షం వాడైన అంజిగాడి మాటలకు లొంగి, గడ్డంతో పాటు మంత్రశక్తినీ పోగొట్టుకుంటాడు. రాముడికి ఆ బెంగ లేదు. తిరుపతి వెళ్లి గుండు చేయించుకుని వచ్చినా అతడి సాహసం వీసమెత్తు తరగదు.

కాబట్టి ఇరుగుపొరుగును హడలగొట్టడమే ధ్యేయమైతే మాంత్రికుడి వేషం, నిశ్చింతగా క్షౌరం చేయించుకోవాలంటే రాముడి వేషం ఎంచుకోవచ్చు.