కౌలు కార్డు: 2011 చట్టమా, 2019 చట్టమా?

కోనసీమలో కౌలు ఎక్కువగా నోటిమాట మీదే నడుస్తుంది. ఆంధ్రప్రదేశ్ 2011 చట్టంలో (భూ అధీకృత సాగుదారుల చట్టం) కౌలుదారు అర్జీ పెట్టుకుంటే రెవెన్యూవాళ్లు విచారించి రుణ అర్హత కార్డు ఇచ్చేవారు. యజమాని సంతకం తప్పనిసరి కాదు. బ్యాంకులు అప్పిచ్చాయా అంటే, అది వేరే కథ.

దాని స్థానంలో వచ్చిన 2019 చట్టంతో పంట సాగుదారు హక్కు పత్రం వచ్చింది. ఒప్పందం 11 నెలలకే, కౌలుదారు భూమి మీద హక్కు అడగలేడు. ఆసాముల (భూయజమానుల) భయం తీర్చడానికి ఇది మంచిదే. చిక్కల్లా ఒప్పందం మీద ఆసామి సంతకం తప్పనిసరి కావడం దగ్గరే. ఆసామి హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటాడు. ఊళ్లోనే ఉన్నా, దళితవాడ నుంచి వచ్చిన కౌలుదారు "ఒక్క సంతకం పెట్టండి బాబుగారూ" అని గట్టిగా అడగగలడా? అడిగితే వచ్చే సార్వాకి (ఖరీఫ్‌కి) ఆ చేను ఇంకొకరికి పోవచ్చు. ఓటు దగ్గర మాత్రం ఇద్దరూ సమానమే! నామట్టుకు పాత పద్ధతే నయం: విచారణ చేసేది ప్రభుత్వం, ఆసామి దయ కాదు.