ఉప్పునీటి చాకు కోసం ఎదురుచూపు

కడపలో ఉండేవాడికి సముద్రపు చాకు ఎందుకని మా ఇంట్లోనే అడిగారు. నిజమే, మాకు సముద్రం లేదు. నాకుండేది బోరు మోటార్లు రిపేరు చేసే షాపు ఒకటి, నెలకో ఆదివారం గాలం వేసే అలవాటు ఒకటి. బ్రహ్మంసాగర్, సోమశిల వెనక జలాల దగ్గర పదేళ్ళకు పైగా గాలం వేశాను. మూడేళ్ళ నుంచి మాత్రం శనివారం రాత్రి షాపు మూసి, బద్వేలు మీదుగా నెల్లూరు చేరి, తెల్లారేసరికి మైపాడు ఒడ్డున నిలబడుతున్నాను. అలల్లో మోకాలి లోతున నిలబడి గాలం విసిరిన వాడికి చెరువు గట్టు మళ్ళీ రుచించదు.

మంచినీళ్ళలో ఏ చాకైనా సరిపోయేది. శీలావతిని కోసి, లుంగీకి తుడిచి, మడిచి జేబులో వేసుకుంటే మళ్ళీ నెల వరకు దాని ఊసే ఉండేది కాదు. సముద్రం దగ్గర ఆ లెక్క కుదరదని మొదటి నెలలోనే తెలిసింది. అప్పుడు నా దగ్గరున్నది ఆన్‌లైన్‌లో కొన్న మడత చాకు. బ్లేడు మీద స్టెయిన్‌లెస్ అని చెక్కి ఉంది, ఏ రకమో రాయలేదు. మొదటి ట్రిప్పు అయ్యాక బ్లేడు మీద టీ మరకల్లాంటి చుక్కలు కనిపించాయి. రెండో ట్రిప్పు తర్వాత మడత దగ్గర చిలుము పట్టింది. నూనె వేశాను, ఎమెరీ పేపరుతో రుద్దాను. పైకి కనబడేది పోయింది, మడత లోపలిది పోలేదు.

పోయిన ఏడాది కార్తీకంలో పెద్ద టేకు చేప పడింది. అది ఇసుకకు అతుక్కుని ఒక్కసారిగా లాగింది, అల్లిక దారం నా ఎడమ చూపుడు వేలికి రెండు చుట్లు పడింది. ఆ దారం తెగేది కాదు, వేలే తెగాలి. కుడి చేత్తో చాకు తీశాను. అది తెరుచుకోలేదు. బొటనవేలి గోరు విరిగింది గానీ బ్లేడు కదల్లేదు. పక్కనే వల సర్దుకుంటున్న జాలరి పరిగెత్తుకొచ్చి, నడుముకున్న కత్తితో దారం కోశాడు. "ఏందన్నా, సముద్రం కాడికి ఇట్టాంటి చాకు తెస్తారా?" అన్నాడు. వేలి మీద ఆ గీత ఇప్పటికీ ఉంది. అందుకే నాకు చాకు సంగతి సరదా వ్యవహారం కాదు.

ఆ తర్వాత ఆరు నెలలు చదివాను. మోటార్ల పని చేసేవాడిని కాబట్టి స్టెయిన్‌లెస్ గురించి కొంత ముందే తెలుసు. మా వైపు కొన్ని బోర్లలో ఉప్పునీళ్ళు వస్తాయి. 202 రకం స్టెయిన్‌లెస్ బోల్టు వేస్తే ఏడాది తిరక్కుండానే ఎర్రబడుతుంది, 304 నయం, అంతకంటే ఉప్పు ఉంటే 316 వేస్తాం. 316లో రెండు మూడు శాతం మాలిబ్డినం అనే లోహం ఉంటుంది, ఉప్పును ఆపేది చాలావరకు అదే. మరి 316తోనే చాకు చేసుకోవచ్చు కదా అంటే, దాన్ని కాల్చి ముంచినా గట్టిపడదు, పదును నిలవదు. పదును నిలవాలంటే ఉక్కులో కార్బన్ ఉండాలి. ఆ కార్బనేమో క్రోమియంను పట్టుకుని గింజలు కట్టేస్తుంది. తుప్పును ఆపే పల్చటి పొర కట్టేది క్రోమియమే. గింజల్లో ఇరుక్కున్న క్రోమియం ఆ పనికి రాదు. ఉప్పులోని క్లోరైడు ఆ పొరలో బలహీనమైన చోటు వెతికి సూదిమొన అంత గుంట చేస్తుంది, అక్కడి నుంచి లోపలికి తింటుంది. మడత చాకులో ఆ చోటు ఎప్పుడూ ఇరుసు దగ్గరే, ఉప్పునీళ్ళు అక్కడ చేరితే ఆరవు.

దీనికి ఉక్కు చేసేవాళ్ళు కనిపెట్టిన దారి నైట్రోజన్. కార్బన్ బాగా తగ్గించి నైట్రోజన్ కలిపిన హెచ్1 అనే జపాన్ ఉక్కుతో స్పైడర్కో కంపెనీ సాల్ట్ అనే వరుసలో చాకులు తెచ్చింది. ఆ కంపెనీ ఉండేది అమెరికాలో, కొలరాడో రాష్ట్రంలోని గోల్డెన్ అనే ఊళ్ళో. కొలరాడోకూ సముద్రం లేదు, కడపలాగే. హెచ్1 తుప్పు పట్టదనే పేరు తెచ్చుకుంది గానీ, పళ్ళు లేని నున్నటి అంచు తొందరగా మొద్దుబారుతుందని వాడినవాళ్ళు చాలామంది రాశారు. రంపం పళ్ళ అంచు తాళ్ళకు బాగుంటుంది. ఎరకు రొయ్య కోయాలన్నా, కవళ్ళు చీల్చాలన్నా నాకు నున్నటి అంచే కావాలి. అందుకే హెచ్1 వద్దనుకున్నాను.

నేను ఎదురుచూస్తున్నది అదే వరుసలోని నేటివ్ 5 సాల్ట్, మాగ్నకట్ ఉక్కుది. లారిన్ థామస్ అనే లోహశాస్త్రవేత్త రూపొందించిన ఈ ఉక్కు 2021లో బయటికొచ్చింది. దాని లెక్క చూసినప్పుడు మొదట నమ్మలేదు. క్రోమియం 10.7 శాతమే. మా 304 బోల్టులోనే 18 ఉంటుంది కదా, ఇదెలా ఆగుతుంది అనుకున్నాను. రెండు మూడుసార్లు చదివాక అర్థమైంది. ఇందులో గింజలు కట్టే పని వెనేడియం, నయోబియం అనే లోహాలు చూసుకుంటాయి. క్రోమియం గింజల్లో ఇరుక్కోకుండా ఉక్కులోనే కరిగి ఉంటుంది, ఉన్నదంతా కాపలా కాస్తుంది. ఎంత వేశామన్నది కాదు, పనికి ఎంత మిగిలిందన్నదే లెక్క. ఇన్నేళ్ళు బోల్టులు కొంటూ శాతాలే చూశాను, ఈ సంగతి నాకు తట్టలేదు.

మిగతా విషయాల్లో నాకు నచ్చినవి రెండున్నాయి. బ్లేడులో గుండ్రటి రంధ్రం ఉంటుంది, తడి బొటనవేలు జారకుండా దానికి పట్టు దొరుకుతుంది. గోటితో లాగే గాడి ఉన్న చాకు నన్ను ఎలా మోసం చేసిందో చెప్పాను. రెండోది పిడి. పసుపు రంగు ప్లాస్టిక్, గాజు పోగులు కలిపిన నైలాన్, ఇసుకలో పడినా కనబడుతుంది. బ్లేడు మూడంగుళాలకు కాస్త తక్కువే. మన ఆయుధాల నిబంధనల్లో తొమ్మిది అంగుళాల పొడవు, రెండు అంగుళాల వెడల్పు దాటితేనే లైసెన్సు గొడవ, ఆ టెన్షన్ లేదు.

భయాలూ ఉన్నాయి. బ్లేడు ఉక్కు ఎంత మంచిదైనా మరలు, లాకు, లోపలి స్ప్రింగు కూడా ఉప్పును తట్టుకోవాలి. పంపుల్లో నేను రోజూ చూసేది ఇదే. బాడీ బాగుంటుంది, ఒక్క మర తుప్పు పట్టి మొత్తం విప్పలేని స్థితికి వస్తుంది. ఇంకోటి, మాగ్నకట్ అంటే అసలు తుప్పే పట్టదని కాదు. ఇంటికొచ్చాక మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టాల్సిందే. ధర కూడా పది వేలు దాటుతుంది. ఆ డబ్బుతో నాలుగైదు మామూలు చాకులు వస్తాయి, పాడైనప్పుడల్లా పారేసుకోవచ్చు అని మా తమ్ముడు అంటాడు. పాడైనట్టు తెలిసేది వేలికి దారం చుట్టుకున్నప్పుడే అయితే ఏం చేయాలి? చెరువులు, రిజర్వాయర్లకే వెళ్ళేవాళ్ళు మాత్రం దీని జోలికి వెళ్ళొద్దు. వాళ్ళకు ఇది అనవసరపు ఖర్చు.

మా అక్క కొడుకు అమెరికాలో ఉంటాడు. మొన్న ఫోన్ చేసి, "మామా, పసుపుది ఇంటికి వచ్చింది. సంక్రాంతికి చెకిన్ బ్యాగులో పెట్టుకొస్తా" అన్నాడు. చేతి సంచిలో మాత్రం పెట్టకు, ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు అని మూడుసార్లు చెప్పాను.

వచ్చిన రోజే దాన్ని మెచ్చుకోను. పోయిన ఆదివారం మైపాడు నుంచి ఐదు లీటర్ల క్యాన్‌లో సముద్రపు నీళ్ళు తెచ్చాను. లీటరుకు ముప్పై అయిదు గ్రాముల దాకా ఉప్పు ఉండే నీళ్ళు. ఒక ప్లాస్టిక్ డబ్బాలో ఆ నీళ్ళు పోసి, కొత్త చాకు, ఒక 304 బోల్టు, ఒక 316 బోల్టు, నా పాత చాకు వేస్తాను. పగలు ముంచి, రాత్రి కడగకుండా బయట పెడతాను, వారం రోజులు. ప్రతి పొద్దున కుడి చేత్తో, ఒక్క బొటనవేలితో తెరిచి చూస్తాను. ఎనిమిదో రోజు మరలు విప్పి లోపల చూసి, ఉన్నదున్నట్టు ఇక్కడే రాస్తాను. నీళ్ళ క్యాన్ మూత బిగించి, మీద తేదీ రాసి వైండింగ్ బెంచీ కింద పెట్టాను. ఎవరూ పారబోయొద్దని షాపు కుర్రాడికి చెప్పాను.